ఉన్నది లేదనే పెట్టె

పోయిన ఆషాఢంలో, లష్కర్ బోనాలకు ఇంకా వారం ఉందనగా, సికింద్రాబాద్‌లో ఒక గ్రంథాలయానికి వెళ్ళాను. కంప్యూటర్ ముందు ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. రిటైరైన తెలుగు టీచరమ్మ. మనవరాలికి బళ్ళో వ్యాసరచన పోటీ అట, బోనాల మీద పుస్తకం కావాలట. మీటల మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ "బోనాలపై పుస్తకాలు" అని కొట్టింది. ఫలితాలు సున్నా అని వచ్చింది. "బీరువాల ఉన్నది బిడ్డా, పోయినేడు నేనే చదివిన. మరి గిది లేదంటదేంది?" అని నన్నడిగింది. నేను "బోనం" అని కొట్టాను. పుస్తకం వచ్చింది. ఆమె ముఖం చిన్నబోయింది. "నాకే సరిగ కొట్టరాలే" అనుకుంటూ లేచింది.

ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. బతుకంతా పిల్లలకు తెలుగు చెప్పిన మనిషి, వంక పెట్టడానికి వీల్లేని తెలుగులో అడిగి, తప్పు తనదేననుకుని వెళ్ళిపోయింది. బోనాలు అనే మాటకు 'పై' చేర్చడం ఏ వ్యాకరణంలో తప్పు? తప్పు ఆ వెతికే పెట్టె పెట్టినవాడిది. పదిహేనేళ్లుగా అలాంటి పెట్టెలు పెట్టే పనిలోనే ఉన్నాను కాబట్టి, తప్పు ఎక్కడ జరుగుతోందో విప్పి చూపిస్తాను.

సెర్చ్ ఇంజిన్ మనం అడిగినప్పుడల్లా పుస్తకాలన్నీ తిరగేయదు. పెద్ద గ్రంథాల చివర పదసూచి ఉంటుంది చూడండి, ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పేది. అలాంటిదాన్ని ముందే తయారుచేసి పెట్టుకుంటుంది. 1999లో డగ్ కటింగ్ రాసిన లూసీన్ చేసే పని ఇదే. దాని మీద కట్టి 2010లో షే బానన్ విడుదల చేసిన ఎలాస్టిక్‌సెర్చ్ చేసేదీ ఇదే. సూచిలోకి ఎక్కించేముందు వాక్యాన్ని మాటలుగా విడగొట్టి, ఆ మాటలను ఒక పద్ధతికి తెస్తారు. ఆ పని చేసేదాన్ని ఎనలైజర్ అంటాం. ఇంతవరకూ ఈ వృత్తిలో అందరికీ తెలుసు. మరిచిపోయేది రెండో సగం. మనిషి అడిగిన ప్రశ్న కూడా ఒక ఎనలైజర్ గుండా వెళ్ళాలి. దాచిన మాటా అడిగిన మాటా ఒకే రూపానికి వస్తేనే రెండూ కలుస్తాయి. కొమ్ము తేడా వచ్చినా, సున్న తేడా వచ్చినా ఆ మాట సూచిలో లేనట్టే.

ప్రశ్నకు ఏ ఎనలైజర్ వాడాలో చెప్పుకోవడానికి ఎలాస్టిక్‌సెర్చ్ నాలుగు చోట్లు ఇచ్చింది. ముందు ఆ ప్రశ్నలోనే ఎనలైజర్ పేరు రాశారా అని చూస్తుంది. లేకపోతే పుస్తకం పేరో రచయిత పేరో ఉండే ఆ ఫీల్డ్‌కు విడిగా సెర్చ్ ఎనలైజర్ పెట్టారా అని చూస్తుంది. అదీ లేకపోతే మొత్తం ఇండెక్స్‌కు కలిపి వెతుకులాట కోసం ఏదైనా పెట్టారా అని. అదీ లేకపోతే సూచి తయారుచేసేటప్పుడు ఆ ఫీల్డ్‌కు వాడినదాన్నే తీసుకుంటుంది. నాలుగు చోట్లా ఏమీ లేకపోతే 'స్టాండర్డ్' అనే ఎనలైజర్‌కు అప్పగిస్తుంది. తెలుగు పాఠ్యం మీద పెట్టిన పెట్టెలు నేను తెరిచి చూసినవి చాలావరకు నాలుగు చోట్లా ఖాళీ.

ఈ స్టాండర్డ్ చేసేది ఏమిటి? యూనికోడ్ నియమాల ప్రకారం మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూసి విడగొడుతుంది. తర్వాత పెద్దబడి అక్షరాలను చిన్నబడిలోకి మారుస్తుంది. తెలుగులో పెద్దబడి చిన్నబడి లేవు. అంటే మన భాషకు అది చేసే సేవ ఖాళీ కనబడిన చోట కత్తిరించడం, అంతే. బోనం, బోనాలు, బోనాల, బోనాలకు, బోనాల్లో, బోనాలలో, బోనాలపై, బోనాలంటే, బోనాలెప్పుడు: దాని లెక్కలో ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని తొమ్మిది మాటలు. మన మనుషులు అడిగేది ఇలాగే కదా, "బోనాలెప్పుడు?" అని. బోనాలు, ఎప్పుడు అని రెండు మాటలుగా ఎవరడుగుతారు? సంధి మన నాలుక మీద ఉంది. నాలుక మీద ఉన్నది వేలి చివరికీ వస్తుంది.

మన ఊరు సికింద్రాబాద్ పేరే తీసుకోండి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఈ దండు బస్తీకి ఆ పేరు వచ్చింది. రెండు వందల ఏళ్లు దాటినా ఆ పేరు తెలుగులో ఒక్క తీరుగా రాయరు, రాయనక్కర్లేదు కూడా. సికింద్రాబాద్, సికింద్రాబాదు, సికిందరాబాద్. పాత బస్తీల్లో ఇప్పటికీ లష్కర్ అంటేనే అర్థమవుతుంది. దీనికి 'లో' చేర్చండి. ఒకరు సికింద్రాబాదులో అని రాస్తారు. ఒకరు సికింద్రాబాద్‌లో అని రాస్తారు. అక్కడ దకారపు పొల్లుకీ లకారానికీ మధ్య కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. ఫోన్‌లో ఆ గుర్తు కొట్టడం తెలియనివాళ్ళకు దకారం కింద లావొత్తు పడి సికింద్రాబాద్లో అని వస్తుంది. చదివేవాడికి మూడూ ఒకటే ఊరు. యంత్రానికి మూడు వేరు వేరు మాటలు. ఆ కనబడని గుర్తును తీసేసే ఫిల్టర్ ఎలాస్టిక్‌సెర్చ్ ఐసీయూ ప్లగిన్‌లో ఉంది, సెట్టింగుల్లో ఒక్క వరుస రాస్తే చాలు. 'సికింద్రాబాద్', 'సికింద్రాబాదు', 'లష్కర్' ఒకటేనని చెప్పే పర్యాయపదాల పట్టికను ప్రశ్న వైపే పెట్టుకోవచ్చు. ప్రశ్న వైపు పెడితే లాభం ఏమిటంటే, రేపు మరో పేరు గుర్తొస్తే లక్షల పుటల సూచిని మళ్ళీ కట్టక్కర్లేదు, పట్టికలో చేర్చి మళ్ళీ చదివించుకుంటే చాలు. మారేడుపల్లి, మారేడ్‌పల్లి, మారేడ్ పల్లి. తిరుమలగిరి, త్రిముల్‌ఘేరీ. బోయినపల్లి, బోయిన్‌పల్లి. దండు వాళ్ళు ఒకలా పలికారు, ఊరివాళ్ళు ఒకలా పిలిచారు, బోర్డు రాసినవాళ్ళు ఒకలా రాశారు. ఈ చరిత్రంతా ఒక మధ్యాహ్నం కూర్చుంటే రాసుకోగల పట్టిక. ఆ ఒక్క మధ్యాహ్నం ఎవరూ ఇవ్వరు.

ఫోన్లలో సంగతి ఇంకా ఘోరం. యాప్‌లలో ఎక్కువగా వాడే చిన్న డేటాబేస్ ఎస్‌క్యూలైట్. అందులో పూర్తి పాఠ్యం వెతకడానికి ఉన్న 'యూనికోడ్61' అనే విభజన పద్ధతి, మనం ఏమీ చెప్పకపోతే, అక్షరాల వర్గాన్నీ అంకెల వర్గాన్నీ మాటలో భాగంగా చూస్తుంది. గుణింతపు గుర్తులు యూనికోడ్‌లో ఆ వర్గాల్లోకి రావు. కాబట్టి కొమ్ము, గుడి, దీర్ఘం, ఏత్వం, సున్న, పొల్లు అన్నీ దానికి మాటల మధ్య ఖాళీలే. 'పాలు' దాని దగ్గర ప, ల అవుతుంది. 'పులి' కూడా ప, ల. 'పూలు' కూడా ప, ల. పసిబిడ్డకు ఏ పాలు పట్టాలో వెతికే తల్లి ముందు పులుల కథనాలు పరుస్తుంది. ఆ గుర్తుల వర్గాలనూ మాటలో భాగంగా చూడమని చెప్పే వీలు ఆ డేటాబేస్‌లోనే ఉంది. అదీ ఒక్క వరుసే. ఆ వరుస రాయకుండా తెలుగు యాప్ అని బయటికి వదిలినవాడు ఒక్కసారైనా తన యాప్‌లో తెలుగు మాట కొట్టి చూశాడా? చూడలేదు. చూసుంటే వదిలేవాడు కాదు.

ఇంగ్లీషు పాఠంలో చదివిన సెట్టింగును కళ్ళు మూసుకుని తెలుగుకు అంటించేవాళ్ళు మరో రకం. నాలుగు అక్షరాలు కొట్టగానే సూచనలు రావాలని మాటల మొదళ్లను ముక్కలు చేసి సూచిలో పెడతారు. బాగానే ఉంది. కానీ ప్రశ్న వైపు విడిగా ఎనలైజర్ పెట్టడం మరిచిపోతారు. అప్పుడు అడిగిన మాట కూడా అవే ముక్కలవుతుంది. 'సికింద్రాబాద్' అని పూర్తిగా కొట్టినా అందులోంచి 'సి' అనే ముక్క బయటికొచ్చి సిరిసిల్లనూ సిద్దిపేటనూ పట్టుకొస్తుంది. సూచికి ఒక పద్ధతి, ప్రశ్నకు ఇంకో పద్ధతి ఎందుకు ఉండాలో చెప్పడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ లేదు, ఎలాస్టిక్‌సెర్చ్ పత్రాల్లోనే ఉంది. చదివి కూడా చేయరు.

అక్షరాల లెక్క కూడా అంతే. సికింద్రాబాద్ అంటే మనకు సి, కిం, ద్రా, బా, ద్: అయిదు. యంత్రం లెక్కలో గుడులూ దీర్ఘాలూ సున్నలూ పొల్లులూ విడివిడిగా లెక్కకొచ్చి పదమూడు సంకేతాలు. ముక్క పొడవు రెండు నుంచి పది అని ఇంగ్లీషుకు పెట్టిన అంకెలు తెలుగులో ఊరి పేరు పూర్తికాకముందే ఆగిపోతాయి. తప్పుగా కొట్టినా సర్దుకునే సౌకర్యం ఒకటి ఉంది. దాన్ని 'ఆటో' సెట్టింగులో పెడితే, మాటలో మూడు నుంచి అయిదు సంకేతాలు ఉంటే ఒక తేడాను ఒప్పుకుంటుంది. ఇంగ్లీషులో అది బడిపిల్లవాడి స్పెల్లింగు తప్పును దిద్దుతుంది. తెలుగులో 'పాలు' రెండక్షరాల మాటే అయినా సంకేతాలు నాలుగు, కాబట్టి ఒక తేడా సరే అంటుంది. పాలు అడిగినవాడికి కాలు వస్తుంది, తాలు వస్తుంది. హల్లు మారితే అర్థం మారిపోయే భాషకూ, దీర్ఘం మరిచిపోవడమే మామూలు పొరపాటైన భాషకూ ఆ అంకెలు పనికిరావు. కూర్చుని మార్చుకోవాలి. పొట్టి మాటలకు ఆ సర్దుబాటు తీసేయాలి, పొడుగు పేర్లకే ఉంచాలి.

"తెలుగు కష్టమన్నా, విభక్తులు ఎక్కువ, అందుకే ఎవరూ చేయరు" అని ఒక కుర్రాడు నాతో అన్నాడు, మంచివాడే. ఈ సాకు మీద నాకు జాలి లేదు. ఫిన్నిష్‌లో విభక్తులు లేవా? హంగేరియన్‌లో, టర్కిష్‌లో ప్రత్యయం మీద ప్రత్యయం చేరదా? ఎలాస్టిక్‌సెర్చ్ ఏళ్ల తరబడి ఇస్తున్న భాషల ఎనలైజర్ల జాబితాలో ఆ మూడూ ఉన్నాయి. మొత్తం దేశమే యాభై ఆరు లక్షల చిల్లర జనాభా ఉన్న ఫిన్లాండ్ భాష ఉంది. స్పెయిన్‌లో ఒక మూల మాట్లాడే బాస్క్ ఉంది, గలీషియన్ ఉంది. హిందీ ఉంది, బెంగాలీ ఉంది. 2011 జనగణనలో 8 కోట్ల 11 లక్షల మంది మాతృభాష అని రాయించిన తెలుగు లేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో వచ్చే భాషల్లో హిందీ, తమిళం, నేపాలీ ఉన్నాయి, తెలుగు లేదు. తమిళులకు చేతనైంది మనకు చేతకాలేదంటే కారణం భాష కష్టం కావడం మాత్రం కాదు. తమిళంలోనూ విభక్తులున్నాయి, సంధి ఉంది.

లూసీన్‌లో మాత్రం 9వ శ్రేణికి వచ్చేసరికి తెలుగు ఎనలైజర్ చేరింది. చేర్చినవాళ్ళకు దండం. అయితే అది మాట చివర చూసి కత్తిరించే చిన్న కత్తెర. తెలుగుకు కత్తెర ఒక్కటే చాలదు. చివర 'లు' కనబడగానే కోస్తే పాలు 'పా' అవుతుంది. 'ము' కనబడగానే కోస్తే పాము కూడా 'పా' అవుతుంది. కోయకూడని మాటల జాబితా ఒకటి పెట్టుకోవాలి. ఇక ఇల్లు, ఇంటి, ఇళ్ళు, ఇళ్లు అనేవాటిని ఏ కత్తెరా కలపలేదు. చెయ్యి, చేతి. గొయ్యి, గోతి. ఊరు, ఊళ్ళు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాల దగ్గర పట్టించుకున్న సంగతే ఇది. ప్రాతిపదిక ఎక్కడ మారుతుందో, ఏ ప్రత్యయం ముందు మారుతుందో ఆయన నియమాలుగా కట్టి ఇచ్చాడు. ఇప్పుడు మనం మాట్లాడే తెలుగుకు భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో వ్యాకరణం ఇచ్చారు. ఆ నియమాలను వరుసకు ఒకటిగా 'ఇంటి అంటే ఇల్లు' అని రాసుకుంటూ పోవడానికి ఆ ఇంజిన్లలోనే ఫిల్టర్ ఉంది. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ పక్కపక్కనే ఉన్నాయి. రెండు చోట్లా తెలుగు పదాలను విడదీసి చూపించే పరిశోధన ఏళ్ల తరబడి జరిగింది. అక్కడికి ఆటోదూరంలో ఉన్న ఆఫీసుల్లో ప్రపంచానికంతటికీ సెర్చ్ కడుతున్నాం. అమెరికా దుకాణంలో చెప్పుల కోసం వెతికేవాడికి బహువచనం ఏకవచనం తేడా రాకుండా రాత్రిళ్లు మేలుకుని సరిచేస్తాం. మన టీచరమ్మకు బోనం దొరకదు.

ఇక్కడ నాకు కోపం ఎక్కువ. ఒక మీటింగులో నేను తెలుగు ఎనలైజర్ గురించి ఎత్తితే, పైన కూర్చున్నాయన లాగ్ తెరిచి చూపించాడు. "చూడండి, తెలుగులో వెతికేవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. ఎవరి కోసం చేస్తాం?" ఆ లాగ్‌లో ఏముందో నేను ఇంటికి తెచ్చుకోకపోయినా కళ్ళతో చూశాను. తెలుగు ప్రశ్నలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ వాటికి ఎదురుగా సున్నా. ఒకే మనిషి తెలుగులో ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు మార్చి మార్చి అడిగి, నాలుగోసారి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి, అయిదోసారి అసలు రాలేదు. దొరకదు కాబట్టి అడగడం మానేశారు. అడగడం మానేశారు కాబట్టి ఎవరికీ అక్కర్లేదని రాసుకున్నారు. అక్కర్లేదు కాబట్టి మళ్ళీ దొరకదు. బావికి తాడు వేయకుండా, ఎవరూ నీళ్లు తోడుకోవడం లేదని బావి పూడ్చేయడం లాంటిది ఇది. ఆ సున్నాల వరుసను నేను జనం తెలుగు వద్దన్న రుజువుగా చదవను. జనం తెలుగులో అడిగి, అడిగి, విసిగిపోయిన రుజువుగా చదువుతాను.

"ఇప్పుడు ఏఐ వచ్చింది కదన్నా, అర్థాన్ని బట్టి వెతుకుతది, ఈ ఎనలైజర్లు ఎందుకు?" అంటారు. అర్థాన్ని బట్టి వెతకడం మంచిదే, దాన్నీ వాడండి. కానీ దగ్గరి అర్థం ఉన్నవాటిని తేవడం దాని గుణం. తండ్రి పేరు వెతికేవాడికి తండ్రి పేరే కావాలి, పోలికగల పేరు అక్కర్లేదు. చిలకలగూడలో ఇంటి కాగితం వెతికేవాడికి వారాసిగూడ కాగితం ఎందుకు? పేరుకు, ఊరికి, సర్వే నంబరుకు, ఇంటి పేరుకు మాటను మాటగా పట్టే సూచి కావాల్సిందే. అర్థంతో వెతికే పెట్టెలు కట్టేవాళ్ళు కూడా పక్కన మాటల సూచి ఒకటి పెట్టుకుని రెండింటి ఫలితాలూ కలుపుతున్నారు. ఆ పక్కన పెట్టిన సూచిలో తెలుగు మళ్ళీ ఖాళీ కనబడిన చోట కత్తిరించే పద్ధతిలోనే ఉంటే, కొత్త గుర్రానికి పాత కాలి కుంటితనం వస్తుంది.

నేను అడిగేది పెద్ద నిధులూ సంస్థలూ కాదు. తెలుగు పాఠ్యం మీద పెట్టె పెట్టే ప్రతివాడూ ఒక్క రోజు కూర్చోవాలి. యూనికోడ్ రూపాలను ఒకటి చేసే భారతీయ భాషల ఫిల్టర్ ఉంది, పెట్టాలి. కనబడని గుర్తును తీసేయాలి. తెలుగు అంకెలను మామూలు అంకెలతో కలపాలి. అదే పాఠ్యాన్ని రెండు ఫీల్డుల్లో పెట్టాలి: ఉన్నదున్నట్టుగా ఒకదాంట్లో, ప్రత్యయాలు ఒలిచి ఇంకోదాంట్లో. అచ్చంగా కలిసినదాన్ని ముందు చూపించి, ఒలిచి కలిసినదాన్ని తర్వాత చూపించాలి. ప్రశ్నకు సెర్చ్ ఎనలైజర్ విడిగా రాయాలి, ఖాళీ వదలకూడదు. చివరగా, అన్నిటికన్నా ముఖ్యంగా, ఇచ్చిన మాట ఎన్ని ముక్కలైందో చూపించే సౌకర్యం ఆ ఇంజిన్‌లోనే ఉంది, దాన్ని తెరిచి తెలుగు వాక్యాలు కొట్టి చూడాలి. నేను అయితే నలభై ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను. మోండా మార్కెట్లో కూరగాయలమ్మే ఆమె అడిగే తీరులో కొన్ని, కోర్టు కాగితం తీరులో కొన్ని, 'వచ్చాడు' అని కొన్ని, 'వచ్చిండు' అని కొన్ని. ఏ పెట్టె కట్టినా ఆ నలభైకీ జవాబు వచ్చేదాకా పని అయిందనను. వచ్చాడు, వచ్చిండు ఒకటేనని యంత్రానికి చెప్పనివాడు సగం తెలుగువాళ్ళను గడప బయట నిలబెట్టినవాడు. అది సాంకేతిక లోపం అని నాతో అనకండి. ఎవరి మాట లెక్కలోకి వస్తుందో ఎవరిది రాదో ఎవరో ఒకరు సెట్టింగుల్లో నిర్ణయించారు. ఖాళీగా వదలడం కూడా నిర్ణయమే.

ఆ గ్రంథాలయం వాళ్ళకు ఉత్తరం రాశాను. ఏం మార్చాలో వరుసగా రాసి, ఉచితంగా చేసి పెడతానని కూడా రాశాను. జవాబు రాలేదు. ఈసారి ఆషాఢం రాకముందే వెళ్తాను. ఆ కంప్యూటర్ ముందే కూర్చుని, టీచరమ్మ కొట్టిన మాటలే, ఒక్క అక్షరం మార్చకుండా కొడతాను.